ఎయిర్ ఫోర్స్ బేస్ ఆనర్ గార్డ్‌లో చేరాలనుకుంటున్నారా? జెండా మడత దగ్గర్నుంచి మొదలుపెడదాం

"రోజూ శ్మశానానికి పోయే డ్యూటీ ఏంట్రా నీకు? ఇంకేం పని ఇవ్వలేదా వాళ్ళు?" నేను ఆనర్ గార్డ్‌లో, అంటే సైనిక లాంఛనాలు జరిపే జట్టులో, చేరానని చెప్పినప్పుడు ఫోన్లో అమ్మ అన్న మొదటి మాట ఇది. ఎవరూ ఇవ్వలేదు, నేనే అడిగి తీసుకున్నాను అనేసరికి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అమెరికాలో మన తెలుగు పిల్లలు ఎయిర్ ఫోర్స్‌లో చేరడం ఇప్పుడు అంత వింతేమీ కాదు. గ్రీన్ కార్డు ఉన్నా చేరవచ్చు. టెక్సస్‌లోని లాక్‌ల్యాండ్‌లో ఏడున్నర వారాల బేసిక్ ట్రైనింగ్, తరవాత ఉద్యోగం నేర్పే టెక్ స్కూలు, ఆ తరవాత ఏదో ఒక బేస్‌లో పోస్టింగ్. అక్కడికి వెళ్ళిన కొన్ని నెలల్లో గోడ మీద ఒక పోస్టరు కనబడుతుంది: తెల్ల గ్లవ్స్, మెరిసే బూట్లు, కదలకుండా నిలబడ్డ నలుగురు, 'ఆనర్ గార్డ్‌కి వాలంటీర్లు కావలెను' అని. ఆ పోస్టరు చూసి ఆగినవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. టీవీలో ఆర్లింగ్టన్ శ్మశానవాటికలోనో, అధ్యక్షుడి కార్యక్రమాల్లోనో కనబడే జట్టు వేరు. అది 1948లో పెట్టిన యూఎస్ ఎయిర్ ఫోర్స్ ఆనర్ గార్డ్. వాషింగ్టన్ డీసీలోని అనకోస్టియా-బోలింగ్ స్థావరంలో ఉంటుంది. వాళ్ళకి అదే పూర్తికాలపు ఉద్యోగం. మనం మాట్లాడుకునేది బేస్ ఆనర్ గార్డ్ గురించి. ఇందులో మెకానిక్కులు, వంటవాళ్ళు, ఆసుపత్రి టెక్నీషియన్లు, కంప్యూటర్ల వాళ్ళు తమ పని తాము చేసుకుంటూనే కొంతకాలం ఈ డ్యూటీ కూడా చేస్తారు. జనానికి కనబడేది కవాతూ, జెండాలు మోసే కలర్ గార్డూ. చేసే పనిలో ఎక్కువ భాగం మాత్రం అంత్యక్రియలే. అందులోనూ ఎక్కువగా, వియత్నాం యుద్ధం నాటి ముసలాయన ఒకరు పోతే, ఇద్దరు వెళ్ళి జెండా మడిచి ఇంటివాళ్ళ చేతిలో పెట్టి రావడం.

ఈ ఇద్దరి లెక్క చట్టంలోనే ఉంది. గౌరవంగా సర్వీసు ముగించిన ఏ మాజీ సైనికుడికైనా, కుటుంబం కోరితే, కనీసం ఇద్దరు యూనిఫామ్‌లో వచ్చి జెండా మడిచి ఇవ్వాలి, 'ట్యాప్స్' అనే బ్యూగిల్ బాణీ వినిపించాలి. ఆ ఇద్దరిలో ఒకరైనా పోయినాయన పనిచేసిన దళానికి చెందినవాళ్ళై ఉండాలి. ఇది 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర 'ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు' అంటే ఏ పెద్ద నాయకుడికో, కళాకారుడికో ప్రభుత్వం ప్రకటించాల్సిందే. ఇక్కడ రెండేళ్ళు ట్రక్కు నడిపి ఇంటికొచ్చేసిన మనిషికి కూడా ఇది హక్కు. ఎయిర్ ఫోర్స్‌లో మామూలు మాజీ సైనికుడికి ఇద్దరు, రిటైరైనవారికి ఏడుగురు, సర్వీసులో ఉండగా పోతే ఇరవై మంది వెళ్ళడం పద్ధతి.

చేరడానికి ఏం చేయాలి

మొదట అడగాల్సింది ఆనర్ గార్డ్ ఆఫీసులో కాదు, మీ సూపర్‌వైజర్‌ని. ఎందుకంటే మీరు లేని రోజుల్లో మీ పని మోసేది ఆయనే. ఆయన ఒప్పుకోకుండా ఫస్ట్ సార్జెంట్ (యూనిట్ సిబ్బంది సంగతులు చూసే సీనియర్ సార్జెంటు) దాకా వెళ్ళారంటే, జట్టులో చోటు దొరికినా షాపులో, అంటే మీ సొంత పనిచోట, ఏడాదంతా మొహాలు మాడ్చుకుని ఉండాల్సొస్తుంది. డ్యూటీ ఎలా తిరుగుతుందో ముందే కనుక్కుని వెళ్ళండి. అది బేస్‌ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల రెండు వారాలు ఇక్కడ, రెండు వారాలు సొంత పనిలో. కొన్నిచోట్ల కొన్ని నెలలు పూర్తిగా ఇక్కడే. మాట ఇచ్చే కాలం సాధారణంగా ఏడాది. "సార్, ఫలానా నెలల్లో మన షాపులో పని తక్కువ, అప్పుడు నన్ను పంపండి" అని లెక్కతో అడిగితే కాదనడం కష్టం.

తరవాత ఫస్ట్ సార్జెంట్, కమాండర్ సంతకాలు. వాళ్ళు చూసేవి పెద్ద రహస్యాలేమీ కావు. ఫిట్‌నెస్ పరీక్ష పాసై ఉండాలి, మీ మీద క్రమశిక్షణ చర్యల కాగితాలు ఉండకూడదు, మీ ఉద్యోగానికి సంబంధించిన శిక్షణ పెండింగులో ఉండకూడదు. టెక్ స్కూలు నుంచి నిన్ననే దిగి, ఇంకా పని నేర్చుకుంటున్నవాళ్ళని చాలా షాపులు వదలవు. ఆగండి, ఆర్నెల్లలో పోయేదేమీ లేదు.

దీనివల్ల జీతం పెరుగుతుందని ఆశపడకండి. ఏడాది చివర రిపోర్టులో నాలుగు మంచి వాక్యాలు పడతాయి, మెడల్‌కి పేరు పంపితే పంపుతారు. కేవలం వాటికోసమే వచ్చినవాళ్ళని నేను చూశాను. జనవరి చలిలో మూడో అంత్యక్రియ దగ్గర వాళ్ళ ముఖం చూస్తే తెలిసిపోయేది.

మన పిల్లలు అడిగే ఇంకో ప్రశ్న: బొట్టు సంగతేంటి? మతపరమైన మినహాయింపుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022లో వయోమింగ్‌లోని వారెన్ స్థావరంలో ఒక హిందూ ఎయిర్‌మన్‌కి యూనిఫామ్‌లో తిలకం పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు. కావాలంటే మీ చాప్లిన్ (సైన్యంలోని మతాధికారి) ఆఫీసులో మొదలుపెట్టండి. కాగితాలు తిరగడానికి టైము పడుతుంది కాబట్టి జట్టులో చేరకముందే పెట్టండి.

శిక్షణ: మొదటి వారం నిలబడటమే

నిజంగానే. మొదటి వారం ఎక్కువగా చేసే పని నిలబడటం. అటెన్షన్‌లో, కనురెప్ప తప్ప ఏమీ కదలకుండా. ముక్కు మీద ఈగ వాలితే అది దాని ఇష్టం.

ఇక్కడ కొత్తవాళ్ళు పడిపోతారు. మాటవరసకి కాదు, కళ్ళు తిరిగి నేలమీద పడిపోతారు. మోకాళ్ళు వెనక్కి బిగించి నిలబడితే కాళ్ళలోని రక్తం పైకి రావడం తగ్గుతుంది, పది నిమిషాల్లో కళ్ళముందు చీకట్లు కమ్ముతాయి. అందుకని మోకాళ్ళని బయటికి కనబడనంతగా వదులుగా ఉంచండి. బూటు లోపల కాలివేళ్ళు ఆడిస్తూ ఉండండి, ఎవరికీ తెలియదు. నీళ్ళు పొద్దున్న కాదు, ముందురోజు సాయంత్రం నుంచే తాగండి. ఖాళీ కడుపుతో రాకండి. ఏకాదశి ఉపవాసం ఉండే అలవాటుంటే డ్యూటీ రోజున కనీసం పళ్ళయినా తినండి. చెమట పట్టి, చెవుల్లో గింగురుమంటోందంటే పంతానికి పోకుండా, శిక్షణలో చెప్పిన పద్ధతిలో పక్కకి తప్పుకోండి. తప్పుకున్నవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు. పడిపోయినవాణ్ణి మాత్రం ఆ కుటుంబం ఎప్పటికీ మరిచిపోదు.

సెల్యూట్ కూడా మళ్ళీ నేర్చుకోవాలి. బేసిక్ ట్రైనింగ్‌లో నేర్పిన చురుకైన సెల్యూట్ ఇక్కడ పనికిరాదు. అంత్యక్రియల్లో చెయ్యి మూడు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. అద్దం ముందు నిలబడి లెక్కపెట్టుకుంటూ చేయండి. మూడు సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది.

తరవాత తుపాకీ. బేస్‌ని బట్టి ఎం1 గరాండ్ గానీ ఎం14 గానీ, రెండూ నాలుగు కిలోల పైనే. మూడు వరసలుగా ఖాళీ తూటాలు పేలుస్తారు. దీన్ని చాలామంది '21 తుపాకుల వందనం' అంటారు, ఏడుగురు మూడుసార్లు పేలిస్తే ఇరవై ఒకటి అవుతుంది కదా అని. కాదు. 21 తుపాకుల వందనం ఫిరంగులతో దేశాధినేతలకి ఇచ్చేది. ఇది 'మూడు వాలీలు'. పూర్వం యుద్ధం మధ్యలో ఆపి, శవాలు తీసుకుపోయి, మళ్ళీ సిద్ధమని చెప్పడానికి మూడుసార్లు పేల్చేవారని, అక్కణ్ణుంచి ఈ ఆచారం వచ్చిందని చెబుతారు. ఇక్కడ కష్టం పేల్చడంలో లేదు, ఏడు తుపాకులూ ఒకే చప్పుడుగా వినబడటంలో ఉంది. పొడిగా 'టప్' అనాలి. పేలాలు వేయించినట్టు వినబడిందంటే ఆ సాయంత్రం ప్రాక్టీసు మళ్ళీ మొదటినుంచి.

జెండా మడత

దీనికే ఎక్కువ టైము పెట్టండి. మిగతావన్నీ తప్పినా కొంత సర్దుకోవచ్చు. జెండా మాత్రం ఇంటివాళ్ళతో వెళ్ళి గాజుపెట్టెలో పెట్టుకునే వస్తువు. మీ తప్పు వాళ్ళ హాల్లో ముప్పై ఏళ్ళు కనబడుతూ ఉంటుంది.

శవపేటిక మీద కప్పే జెండా 5 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవు. అంటే మన చీర పొడవులో దాదాపు సగం. చుక్కలున్న నీలిభాగం పోయినాయన తలవైపు, ఎడమ భుజం మీదికి వచ్చేలా కప్పుతారు. మడవడం మీకు తెలియని విద్యేమీ కాదు. ఇంట్లో అమ్మా, పిన్నీ పట్టుచీర మడతపెట్టేటప్పుడు చెరో కొస పట్టుకుని, ఒకసారి లాగి విదిలించి, అంచుకి అంచు కలుపుతారు చూడండి, మొదటి సగం అదే. ఆ లాగడమే అసలు కిటుకు. బిగువు వదిలేస్తే ఎంత నేర్పుగా మడిచినా చివరికి బొద్దుగా, ముడతలుగా తయారవుతుంది.

వరసగా చెబుతాను. జెండాని నడుము ఎత్తులో, నేలకి సమాంతరంగా, బిగువుగా పట్టుకోండి. కింది చారల భాగాన్ని నీలిభాగం మీదికి పొడవునా మడవండి. మళ్ళీ ఒకసారి పొడవునా మడవండి, ఈసారి నీలం బయటికి కనబడాలి. ఇప్పుడు చారల వైపు కొస పట్టుకున్న మనిషి మూలని ఎదుటి అంచుకి తెచ్చి మొదటి త్రికోణం వేస్తాడు. అలా త్రికోణం మీద త్రికోణం, సమోసా పట్టీ చుట్టినట్టు, నీలం వైపుకి నడుచుకుంటూ వస్తాడు. నీలం వైపు నిలబడ్డ మనిషి పని కదలకపోవడం, బిగువు వదలకపోవడం. తేలిగ్గా కనబడుతుంది, భుజాలు చెబుతాయి ఎంత తేలికో. మొత్తం పదమూడు మడతలు. చివర మిగిలిన నీలిగుడ్డని జేబులోకి తోసినట్టు లోపలికి దోపాలి.

అయ్యాక మూడు చూడండి. ఎరుపు ఎక్కడా, దారమంత కూడా, కనబడకూడదు. మూలలు పదునుగా ఉండాలి. అంచులు చేతితో నొక్కితే గట్టిగా ఉండాలి. ఎరుపు కనబడిందంటే తప్పు చివర్లో జరగలేదు, రెండో మూడో త్రికోణంలోనే అంచు పక్కకి జారింది. అప్పుడే చూసుకుని సర్దుకోవాలి. పదో మడత దగ్గర తెలిస్తే ఇక లాభం లేదు.

పదమూడు మడతల్లో ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉందని చదివే స్క్రిప్టులు తిరుగుతుంటాయి. అది అధికారికం కాదు. కుటుంబం కోరితే వాళ్ళ పాస్టరు చదువుకోవచ్చు గానీ, మీరు చదవరు. మీరు అసలు మాట్లాడరు, జెండా ఇచ్చేటప్పుడు చెప్పే ఆ ఒక్క వాక్యం తప్ప.

మొదటి అంత్యక్రియ రోజు

గంట ముందు అక్కడ ఉండండి. ఒక్కో బేస్ చుట్టూ చాలా పెద్ద ప్రాంతాన్ని చూసుకోవాలి కాబట్టి రెండుమూడు గంటల వ్యాను ప్రయాణం మామూలే. యూనిఫామ్ వ్యాన్లో వేసుకుని కూర్చోకండి, సంచిలో వేలాడదీసి అక్కడే మార్చుకోండి. దుస్తుల మీద నూగు తీసే రోలరు, అదనపు తెల్ల గ్లవ్స్ రెండు జతలు, బూట్ల పాలిష్, చిన్న కత్తెర తప్పనిసరి.

దారిలో తిండి గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. పులిహోర తెచ్చుకోండి, ఎవరూ కాదనరు, జట్టులో సగం మంది అడిగి తింటారు కూడా. కానీ స్పూనుతో తినండి. చేతికంటిన పసుపు సబ్బుకి పూర్తిగా పోదు, తెల్ల గ్లవ్ లోపలి నుంచి చెమటతో బయటికి వస్తుంది. నాకు ఆవకాయతో జరిగింది. శవపేటికకి ఆ చివర నిలబడ్డ సార్జెంటు నా వేళ్ళకేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

దిగగానే ఫ్యూనరల్ డైరెక్టరుని కలిసి ఇవి అడగండి: పేటికా, చితాభస్మం ఉన్న పాత్రా? జెండా ఎవరి దగ్గరుంది? జెండా ఎవరికి ఇవ్వాలి, వాళ్ళు ఏ కుర్చీలో కూర్చుంటారు? సాధారణంగా భార్య లేదా భర్త, తరవాత పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు. ఇద్దరు భార్యల పిల్లలు ఒకే వరసలో కూర్చున్న రోజున ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది. మత కార్యక్రమం ఏ మాటతో ముగుస్తుంది? అదే మీకు సంకేతం. తుపాకులు పేల్చేది ఎవరు? ఇద్దరే వెళ్ళినప్పుడు చాలాచోట్ల ఊళ్ళోని మాజీ సైనికుల సంఘాల (అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ) పెద్దలు తమ తుపాకులతో వస్తారు. డెబ్భై, ఎనభై ఏళ్ళవాళ్ళు. వాళ్ళని 'సర్' అని పలకరించి, వరస మాట్లాడుకోండి.

తరవాత నేల చూసుకోండి. సమాధి చుట్టూ పచ్చరంగు తివాసీ పరుస్తారు, దానికింద పలకలు ఉంటాయి, కొన్ని ఊగుతాయి. మీరు అడుగు వేయబోయే ప్రతిచోటా ఒకసారి నడిచి చూడండి. గాలి ఎటు వీస్తోందో చూడండి.

'ట్యాప్స్' ఇరవై నాలుగు స్వరాల చిన్న బాణీ. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో, వర్జీనియాలో జనరల్ బటర్‌ఫీల్డ్ దండులో పుట్టింది. నిజంగా బ్యూగిల్ ఊదగలిగేవాళ్ళు సరిపడా లేరు కాబట్టి, చాలాచోట్ల బ్యూగిల్ వెడల్పాటి మూతి లోపల ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి ఉంటుంది. బటన్ నొక్కితే కొన్ని సెకన్ల తరవాత మోగుతుంది, ఆలోగా పెదాల దగ్గరికి తెచ్చుకోవాలి. మోసమా అంటే కొందరు మోసమే అంటారు. నేను మొదట్లో సిగ్గుపడేవాణ్ణి. తరవాత, ఆ స్వరం వినబడగానే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ కళ్ళు మూసుకోవడం చూశాక ఆ మాట మానేశాను. మీరు చేయాల్సిందల్లా బ్యాటరీ చూసుకోవడం. బేస్‌లో ఒకసారి, శ్మశానంలో ఒకసారి. జేబులో ఇంకో సెట్టు.

వరస ఇది: వాలీలు, ట్యాప్స్, జెండా. ఒకరు పేటిక దగ్గర సెల్యూట్‌లో ఉంటారు, ఇంకొకరు కొంచెం దూరంలో బ్యూగిల్ పట్టుకుంటారు. ట్యాప్స్ అయ్యాక ఇద్దరూ పేటిక దగ్గర కలిసి జెండా ఎత్తి మడుస్తారు. చితాభస్మం అయితే, ముందే మడిచి పక్కన పెట్టిన జెండాని విప్పి చూపించి, మళ్ళీ మడుస్తారు. జెండా నేలని తాకకూడదు, సమాధిలోకి దిగకూడదు.

ఇక ఇవ్వడం. త్రికోణంలో పొడుగు అంచు తీసుకునేవారి వైపు ఉండాలి. వాళ్ళ ఎదుట ఒక మోకాలి మీద వంగి, కళ్ళలోకి చూసి చెప్పాలి. మాటలు ఇంగ్లీషులో స్థిరంగా ఉన్నాయి, ఒక్క ముక్క మార్చకూడదు. సారాంశం ఇది: అమెరికా అధ్యక్షుడి తరఫున, అమెరికా వైమానిక దళం తరఫున, కృతజ్ఞతతో ఉన్న ఈ దేశం తరఫున, మీ ఆత్మీయులు గౌరవంగా, విశ్వాసంగా చేసిన సేవకు గుర్తుగా ఈ జెండాను స్వీకరించండి. ఆ తరవాత నిలబడి, మూడు సెకన్ల సెల్యూట్, వెనుదిరగడం.

బాత్రూములో, కారులో, వంట చేస్తూ, పప్పు పోపు పెడుతూ ఆ వాక్యాన్ని వందసార్లు చెప్పుకోండి. మన ఉచ్చారణ గురించి బెంగ వద్దు. నెమ్మదిగా చెబితే చాలు. బెంగపడాల్సింది మధ్యలో గొంతు పూడుకుపోవడం గురించి. అప్పటిదాకా మీరు ఎదుటి చెట్టునో, సమాధి రాయినో చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు మొదటిసారి ఒక మనిషి ముఖం చూస్తున్నారు, ఆ ముఖం ఏడుస్తోంది. కొందరు మీ చెయ్యి పట్టుకుని వదలరు. లాక్కోకండి. వాళ్ళు వదిలేదాకా ఉండండి, వరస ఒక నిమిషం ఆలస్యమైతే ఏ సార్జెంటూ ఏమీ అనడు. నాకొకసారి జెండా తీసుకున్న కూతురు తప్ప కుర్చీల్లో ఎవరూ లేరు, ఫ్యూనరల్ హోమ్ మనిషి వెనకాల నిలబడ్డాడు, అంతే. మేం ఇద్దరం, వాళ్ళు ఇద్దరు. ఆ రోజు మడత చేసినంత శ్రద్ధగా నేను ఏ జనం ముందూ చేయలేదు.

కలర్ గార్డ్ సంగతి రెండు ముక్కల్లో: నలుగురు. ఇద్దరి చేతిలో జెండాలు, రెండు కొసల్లో ఇద్దరు తుపాకులతో. అమెరికా జెండా నడిచేవాళ్ళ కుడివైపు ఉంటుంది, ఎవరి ముందూ వంగదు. జాతీయ గీతానికి ఎయిర్ ఫోర్స్ జెండా వంగుతుంది. మన త్రివర్ణ పతాకం కూడా ఎవరికీ వంగదు కాబట్టి ఇది మీకు వెంటనే తలకెక్కుతుంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి, రిటైర్మెంట్ ఫంక్షన్లకి వెళ్తారు, ఫొటోలు బాగా వస్తాయి, ఇంటికి పంపుకోవచ్చు.

తిరిగొచ్చాక

ఖాళీ తూటాల గుల్లలు లెక్కపెట్టి అప్పజెప్పండి. గ్లవ్స్ ఆ రాత్రే నానబెట్టండి. బూట్ల మట్టి ఎండకముందే తుడవండి.

వ్యాన్లో వెనక్కి వస్తూ జోకులు వేసుకుంటారు, పాటలు పెడతారు. మొదట్లో అది నాకు తప్పనిపించింది. కాదు, అలా కాకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళలేం. కానీ వరసగా వారం రోజులు నిద్రపట్టకపోతే, జోకులతో పోయేది కాదని అర్థం. మీ జట్టు పెద్దకి చెప్పండి, చాప్లిన్ దగ్గరికి వెళ్ళండి. చాప్లిన్‌తో మాట్లాడింది బయటికి పోదు, మీరు ఏ మతమైనా కూర్చోబెట్టి వింటాడు. ముఖ్యంగా మీ వయసు ఎయిర్‌మన్ అంత్యక్రియకి ఇరవై మంది జట్టులో వెళ్ళొచ్చిన తరవాత, బాగానే ఉన్నాననిపించినా వెళ్ళండి.

ఇంటివాళ్ళ మైల గొడవకి నా దగ్గర వాదనేమీ లేదు. నేను వాదించి గెలవలేదు. ఒక రోజు ఆ ముసలమ్మ సంగతి, ఆమె నా చెయ్యి పట్టుకున్న సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఇప్పుడు డ్యూటీ రోజు ఫోన్ చేస్తే పోయినాయన పేరేంటని అడుగుతుంది, పిల్లలున్నారా అని అడుగుతుంది. దానికంటే ముందు మాత్రం "తలస్నానం చేశావా?" అని.